తల్లి చెట్టు కథ సరే, మరి బూజు సంగతేంటి?

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. మంచు పట్టిన అడవి, వెనక సన్నగా వేణువు, మధ్యలో ఒక బరువైన గొంతు. భూమి లోపల చెట్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట, తల్లి చెట్టు తన పిల్లల్ని గుర్తుపట్టి శిలీంధ్రాల దారాల గుండా వాటికి తిండి పంపిస్తుందట. కింద కామెంట్లలో దండాలు, గుండె బొమ్మలు, మనిషి చెట్టుని చూసి బుద్ధి తెచ్చుకోవాలని ఉపదేశాలు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇది అప్పుడప్పుడూ తిరిగొస్తూనే ఉంటుంది, వచ్చినప్పుడల్లా "నువ్వుండేది అలాంటి అడవుల్లోనే కదరా, నిజమేనా ఇదంతా?" అని మా పిన్ని నన్నే అడుగుతుంది.

అవునూ అనలేను, కాదూ అనలేను. అందుకే ఇంత పొడుగు పోస్టు.

ఆ కథలో ఉన్న ప్రేమ మీద నాకేం కోపం లేదు. నా గొడవంతా శిలీంధ్రాన్ని అందులో ఒక పైపుగా, ఒక వైరుగా చూపించడంతో. ఇచ్చేది చెట్టు, పుచ్చుకునేది చెట్టు, మాట్లాడేది చెట్టు, మధ్యలో ఉన్న బూజు మాత్రం జీతం లేని పోస్ట్‌మ్యాన్. ఈ చలి అడవుల్లో జరిగేది దాదాపు దీనికి తలకిందులు. శిలీంధ్రానికి దాని ఆకలి దానికుంది, దాని లెక్క దానికుంది. ఆ లెక్క వల్లే ఇక్కడి చెట్లు ఇంత నెమ్మదిగా పెరుగుతాయి, ఆ లెక్క వల్లే నేలలో ఇంత కర్బనం నిలవుంది. దాన్ని వదిలేసి చెట్ల మమకారం గురించి మాట్లాడితే అడవి అర్థం కాకపోగా, అడవి మీద తీసుకునే నిర్ణయాలు కూడా తప్పుతాయి.

నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివి, అక్కడా ఇక్కడా తిరిగి, ఇప్పుడు స్వీడన్ ఉత్తరాన ఊమెయో పక్కన తేలాను. పని మట్టి నమూనాలతో. శాస్త్రవేత్తని కాను, శాస్త్రవేత్తలకి కావలసిన మట్టిని తవ్వి, జల్లెడ పట్టి, ఎండబెట్టి, తూకం వేసి ఇచ్చే మనిషిని. కాబట్టి సిద్ధాంతాల దగ్గర నా మాట కొంచెం అనుమానంగానే వినండి కానీ, ఆ మట్టి ఎలా ఉంటుందో మాత్రం నాకు బాగా తెలుసు.

ఎర్ర నేలా నల్లరేగడీ చూసి పెరిగిన కళ్ళకి ఇక్కడి పైన్ అడవి నేల అసలు మట్టిలాగే అనిపించదు. పైన అంతా నాచు, అడుగేస్తే కాలు దిగబడేంత మెత్తగా. చేత్తో పట్టి లాగితే ఒకే ముక్కగా లేచొస్తుంది, కాడలు ఎర్రగా ఉంటాయి. దాని కింద రాలిన పైన్ సూదులు. మన వేపాకు రాలితే వానాకాలం దాటేసరికి ఆనవాలుండదు; ఇక్కడ ఏళ్ళ కిందట రాలిన సూది కూడా ఇంకా సూదిగానే ఉంటుంది, రంగు ముదురుతుందంతే. సూదుల మధ్య తెల్లటి పోగులు. ఇంకాస్త కిందకి పోతే సూది ఆకారం పోయి దాదాపు నల్లటి పొర ఒకటి వస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే జిడ్డుగా అంటుకుంటుంది. ఇదే హ్యూమస్. దాని కింద గీత గీసినట్టు ఒక్కసారిగా బూడిద రంగు ఇసుక, ఆ ఇసుక కింద తుప్పు రంగు. పైపొర బాగా ఆమ్లం, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. అందులోంచి దిగే నీళ్ళు ఇనుమునీ అల్యూమినియంనీ కడిగి కిందకి మోసుకుపోతాయి, అందుకే మధ్యలో ఆ పాలిపోయిన పొర. మట్టి పాఠాల్లో పాడ్జాల్ అని చదివిన నేల ఇదే. వానపాము కనిపించడం అరుదు, నేలని కలియబెట్టేవాళ్ళెవరూ లేరు కాబట్టే పొరలు ఇంత విడివిడిగా నిలుస్తాయి.

ఇప్పుడు ఆ నల్ల పొర ముక్క ఒకటి నీళ్ళ గిన్నెలో వేసి పట్టకారుతో మెల్లగా విడదీయండి. జుట్టంత సన్నటి వేర్లు బయటపడతాయి. మనం స్కూల్లో గీసిన బొమ్మలో ఉండే వేరు రోమాలు వాటికి ఉండవు. చివర్లు పొట్టిగా, ఉబ్బి, పైన్ అయితే రెండుగా చీలి ఉంటాయి. ప్రతి చివరకీ ఒక తొడుగు. కొన్ని తెల్లగా, కొన్ని గోధుమరంగులో, కొన్ని బొగ్గంత నల్లగా, వాటి మీద గరుకు వెంట్రుకలతో. మధ్యమధ్యలో మాంచి పసుపు రంగు దారాలు, ఎవరో కావాలని రంగు వేశారా అన్నంత పసుపు. అది పైలోడెర్మా అనే శిలీంధ్రం, ఇక్కడ చాలా మామూలు. అంటే ఈ వేరు చివరలు మట్టిని ముట్టుకోవు. మట్టిని ముట్టుకునేది శిలీంధ్రం. చెట్టుకి అందేదంతా ముందు దాని చేతుల్లోంచి రావాలి. సూక్ష్మదర్శిని కింద అడ్డంగా కోసి చూస్తే శిలీంధ్రం వేరు కణాల మధ్య సందుల్లోకి వెళ్ళి అల్లుకుంటుంది కానీ కణంలోకి దూరదు. మన వరిలో, మొక్కజొన్నలో, మిరపలో ఉండేది వేరే జాతి, అది కణం లోపలికే వెళ్ళి కొమ్మలు వేస్తుంది. వేరూ శిలీంధ్రం కలిసి బతికే ఈ పొత్తుకి రెండు చోట్లా పేరు మైకోరైజానే, అక్కడే సగం గందరగోళం మొదలవుతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ తొడుగుల గురించి 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రవేత్త రాసినప్పుడు చాలామంది నమ్మలేదు. ట్రఫుల్ పుట్టగొడుగులు ప్రష్యాలో పెంచడం సాధ్యమా చూడమని ఆయనకి అప్పగించిన పని, ఆ పనిలో ఇది బయటపడింది. శిలీంధ్రం అంటే తెగులు అని అప్పటి లెక్క, అది చెట్టుకి మేలు చేస్తుందంటే ఎవరికి ఎక్కుతుంది? అప్పుడు తెగులు, ఇప్పుడు పోస్ట్‌మ్యాన్. మధ్యస్థంగా ఉండడం మనవల్ల కాదు.

ఈ లావాదేవీ ఎంత పెద్దదో తెలిసింది మాత్రం ఇక్కడికి దగ్గర్లోనే జరిగిన ఒక ప్రయోగంతో. 2000 వేసవిలో పీటర్ హోగ్‌బెర్గ్ బృందం ఒక పైన్ అడవిలో మడులు కొలిచి, కొన్ని మడుల్లో ప్రతి చెట్టుకీ చుట్టూ ఒక వలయం మేర బెరడు తీసేశారు. మన ద్రాక్ష తోటల్లో చేసే గర్డ్లింగే, కాకపోతే అడవి మొత్తానికి. బెరడు తీస్తే నీళ్ళు పైకి ఎక్కడం ఆగదు, ఎందుకంటే అవి లోపలి చెక్కలోంచి వెళ్తాయి. ఆకుల్లో తయారైన చక్కెర వేర్లకి దిగడం మాత్రం ఆగిపోతుంది. పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద సరఫరా బంద్. తర్వాత నేలలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కొలిచారు. 5 రోజుల్లోనే తగ్గుదల 37 శాతం దాకా చేరింది. ఒకటి రెండు నెలలకి సగానికి పైగా, 54 శాతం. నేల ఊపిరి అంటే రాలిన ఆకులు కుళ్ళడం అనుకునేవాళ్ళం కదా, ఆకులు అలాగే ఉన్నాయి, తేమ అలాగే ఉంది, ఊపిరి మాత్రం సగం పోయింది. అంటే ఆ ఊపిరిలో సగం, మొన్నటి ఎండలో తయారైన చక్కెర తిని బతికే వేర్లదీ, వాటిని పట్టుకున్న శిలీంధ్రాలదీ, వాటి చుట్టూ మూగిన బాక్టీరియాదీ. తర్వాత అదే చోట చేసిన లెక్కల్లో నేలలోని సూక్ష్మజీవుల మొత్తం బరువులో దాదాపు మూడో వంతు ఈ వేరు శిలీంధ్రాల దారాలదేనని తేలింది. బెరడు తీసిన మడుల్లో ఆ శరదృతువులో వేరు శిలీంధ్రాల పుట్టగొడుగులు దాదాపు మొలవనే లేదు.

నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత మొరటైనదీ ఇంత తెలివైనదీ ఇంకోటి లేదు. జాడ పట్టడానికి గుర్తుగా వాడే ఐసోటోపులు, ఖరీదైన యంత్రాలు తర్వాత. ముందు కత్తి.

సరే, చెట్టు ఇంత చక్కెర ఎందుకు పోస్తుంది? నత్రజని కోసం. ఇక్కడ చలికాలం ఆరు నెలలు, ఎండాకాలం చిన్నది, నేల పులుపు, సూదుల్లో టానిన్లు, జిగురు. కుళ్ళడమే నెమ్మది. నత్రజని నేలలో లేకపోవడం కాదు, బోలెడు ఉంది, అంతా హ్యూమస్‌లో, ప్రోటీన్లలో, పాత శిలీంధ్రాల గోడల్లో బిగుసుకుపోయి ఉంది. మనం పుస్తకాల్లో చదివిన వరస ఏంటి? బాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని విరగ్గొట్టి అమ్మోనియం చేస్తాయి, అమ్మోనియం నైట్రేట్ అవుతుంది, దాన్ని వేరు తాగుతుంది. ఈ అడవుల్లో నైట్రేట్ దొరకడమే కష్టం. 1998లో టోర్గ్నీ నాష్‌హోమ్ బృందం గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానికి గుర్తులు పెట్టి నేలలో వేసి చూస్తే, పైన్, స్ప్రూస్, వాటి కింద పెరిగే పొదలు, గడ్డి కూడా, ఆ అమైనో ఆమ్లాన్ని విరక్కుండానే తీసుకున్నాయి. పుస్తకంలోని వరస పూర్తయ్యేదాకా ఆగే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు. కొత్తగా వచ్చి చేరే నత్రజని కూడా అతి తక్కువ. నాచు ఆకుల సందుల్లో నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియా గాలిలోంచి పట్టేది హెక్టారుకి ఏడాదికి 1.5 నుంచి 2 కిలోలని 2002లో కొలిచారు. దాళ్వా వరికి ఒక్క దఫాలో మనం చల్లే యూరియా ముందు అది ఏ మూలకి? కానీ అడవికి అదే దిక్కు, వేల ఏళ్ళుగా అదే.

చలి అంటే సూక్ష్మజీవులు నిద్రపోతాయనుకోకండి. మంచు దుప్పటి కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది, బయట మైనస్ 25 ఉన్నా. గడ్డకట్టిన మట్టిలో కూడా రేణువుల చుట్టూ పలచటి నీటి పొర మిగులుతుంది. మైనస్ 4 డిగ్రీల దగ్గర ఇక్కడి అడవి మట్టిలో సూక్ష్మజీవులు చక్కెరని తిని ఊపిరి వదలడమే కాదు, కొత్త కణ పదార్థం కూడా కట్టుకుంటున్నాయని 2010లో ప్రయోగశాలలో చూపించారు. మంచు తక్కువ పడిన ఏడాది నేలకి ఇంకా ఎక్కువ చలి పెడుతుంది, ఇది వినడానికి తిక్కగా ఉంటుంది కానీ అంతే.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. చెట్టు చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం నత్రజని ఇస్తుంది, ఇద్దరూ బాగుపడతారు అని పాఠం. మరి శిలీంధ్రానికి నత్రజని అక్కర్లేదా? దాని ఒంటికీ ప్రోటీన్ కావాలి కదా. నత్రజని కరువైన చోట అది ముందు తన కడుపు నింపుకుంటుంది, మిగిలింది చెట్టుకి వదులుతుంది. 2013లో నాష్‌హోమ్ వాళ్ళే ఇంకో పేపర్లో సూటిగా ఈ ప్రశ్న వేశారు: ఈ శిలీంధ్రాలు చెట్ల నత్రజని కొరతని తగ్గిస్తున్నాయా, పెంచుతున్నాయా? వాళ్ళ జవాబు, బీద నేలల్లో పెంచుతున్నాయనే. చెట్టు ఎంత చక్కెర పోస్తే శిలీంధ్రం అంత పెరుగుతుంది, అది పెరిగిన కొద్దీ దాని ఒంట్లోనే నత్రజని ఇరుక్కుంటుంది, చెట్టుకి ఇంకా కొరత, కాబట్టి ఇంకా చక్కెర.

గుంటూరు వైపు మిరప వేసేవాళ్ళకి ఈ లావాదేవీ వేరే చెప్పక్కర్లేదు. సీజన్ మొదట్లో కమీషన్ వ్యాపారి పెట్టుబడి ఇస్తాడు, పంట చేతికి రాగానే సరుకు ఆయన కొట్టుకే తోలాలి. ఆయన లేకపోతే విత్తనం పడదు, ఆయన ఉన్నంతకాలం అప్పు తీరదు. పోనీ మానేద్దామా అంటే పక్క చేనువాడు మానడు, పెట్టుబడి అంతా వాడికి పోతుంది. పైన్ చెట్టు పరిస్థితీ అదే. ఒక చెట్టు చక్కెర తగ్గిస్తే దాని వాటా నత్రజని ఎక్కువ పోసిన పక్క చెట్టుకి పోతుంది. కాబట్టి అన్నీ పోస్తూనే ఉంటాయి, మొత్తం మీద అడవి బీదగానే ఉంటుంది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. కానీ దీన్ని తల్లి ప్రేమ అనడానికి నాకు నోరు రాదు.

మరి ఆ వీడియో ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే పుట్టలేదు. 1997లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సుజాన్ సిమార్డ్, మరికొందరు బర్చ్ మొక్కలకీ డగ్లస్ ఫర్ మొక్కలకీ రెండు రకాల గుర్తుపెట్టిన కర్బనం పట్టించి, ఒకదాని కర్బనం ఇంకోదానిలోకి చేరిందని చూపించారు. నీడలో ఉన్న ఫర్ మొక్కలకి ఎక్కువ చేరింది. నేచర్ పత్రిక దాన్ని అట్ట మీద వేసి వుడ్ వైడ్ వెబ్ అని పేరు పెట్టింది, ఇంకేముంది, ఇంటర్నెట్ కొత్తగా వస్తున్న రోజులు. ఆ ప్రయోగంలో పక్కనే సెడార్ మొక్కలు కూడా ఉన్నాయి. వాటికి ఈ రకం శిలీంధ్రాలతో సంబంధమే లేదు, అయినా వాటిలోకీ కొంత కర్బనం చేరింది. అంటే కొంత మట్టి గుండానే పోతోంది. ఈ సెడార్ ముక్క ఏ వీడియోలోనూ ఉండదు.

తర్వాత 2010లో అదే రాష్ట్రంలో 30 మీటర్ల పొడుగు, 30 మీటర్ల వెడల్పు ఉన్న ఒక స్థలంలో 67 ఫర్ చెట్ల వేర్ల మీది శిలీంధ్రాల జన్యువులు చూసి, ఒక పెద్ద చెట్టుకి 47 చెట్లతో ఉమ్మడి శిలీంధ్రం ఉందని తేల్చారు. మంచి పని. కానీ రెండు వేర్ల మీద ఒకే శిలీంధ్రం జన్యువు దొరకడం వేరు, ఆ రెండిటి మధ్య దారం ఇవాళ తెగకుండా ఉండడం వేరు, ఆ దారంలో తిండి పారడం ఇంకా వేరు. దారాన్ని పురుగులు కొరుకుతాయి, అది ఎండుతుంది, తెగుతుంది, మళ్ళీ పెరుగుతుంది.

2016లో స్విట్జర్లాండ్‌లో 40 మీటర్ల ఎత్తున్న స్ప్రూస్ చెట్లకి గుర్తు కర్బనం పట్టిస్తే పక్క చెట్ల సన్నవేర్లలో అది దొరికింది, బాగానే దొరికింది. మొండిగా కాదనడానికి లేదు. అయితే వేర్లలోనే దొరికింది, ఆ చెట్ల మొదళ్ళలోకీ కొమ్మల్లోకీ వెళ్ళిన జాడ లేదు. వేరు చివర్లో శిలీంధ్రం ఒళ్ళు కూడా కలిసే ఉంటుంది కదా. ఆ కర్బనం పక్క చెట్టుకి ముట్టిందా, లేక పక్క చెట్టు వేరు మీద కూర్చున్న శిలీంధ్రం దగ్గరే ఉండిపోయిందా? నేనైతే రెండోదే ఎక్కువని పందెం కాస్తాను. తిండి ఎక్కడ తిన్నా ఒళ్ళు దానిదే.

2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కూర్చుని ఇప్పటిదాకా అడవిలో జరిగిన ప్రయోగాలన్నీ తిరగేశారు. మెలనీ జోన్స్ ఎవరో కాదు, 1997 పేపర్ రాసినవాళ్ళలో ఒకరు. వాళ్ళు తేల్చింది ఇది: చెట్లని కలిపే ఇలాంటి శిలీంధ్రాల వలలు అడవులన్నిటా పరుచుకుని ఉన్నాయనడానికి తగినంత ఆధారం లేదు, వాటి వల్ల పిల్ల మొక్కలు బాగుపడతాయనడానికి ప్రయోగాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి, పెద్ద చెట్టు తన సొంత పిల్లల్ని గుర్తుపట్టి ఎక్కువ పంపుతుందనడానికి అడవిలో చేసిన రుజువు ఒక్కటీ లేదు. పైగా శాస్త్రవేత్తలే ఒకరి పేపర్ని ఒకరు ఉదహరించేటప్పుడు, ఉన్నదానికంటే ఎక్కువ చేసి రాస్తూ వచ్చారని కూడా చెప్పారు. తన పాత పని మీద పెరిగిన పుకారుని తనే ఖండించడానికి ఎంత ధైర్యం కావాలో, ఏదైనా ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

"కథే కదా, అడవంటే జనానికి ఇష్టం పెరిగితే మంచిదేగా" అంటారు కొందరు. నా అభ్యంతరం ఇక్కడే. ఇష్టం చెట్టు మీద పెరుగుతుంది, లెక్క కూడా చెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఈ ఉత్తరాది అడవుల్లో కర్బనం ఎక్కువ ఉండేది చెట్లలో కాదు, నేలలో. ఆ నేల కర్బనం ఎక్కడిది అన్నదానికి స్వీడన్ ఉత్తరాన హోర్నావన్, ఉడ్యౌరే అనే రెండు సరస్సుల్లోని దీవులు మంచి జవాబు ఇచ్చాయి. పెద్ద దీవి మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ, కాబట్టి అవి తరచు తగలబడ్డాయి. చిన్న దీవులు కొన్ని వేల ఏళ్ళుగా కాలలేదు, వాటి మీద హ్యూమస్ లోతుగా పేరుకుంది. కరీనా క్లెమెన్సెన్, బ్యోర్న్ లిండాల్ వాళ్ళు ఆ పొరల్ని ఒక్కొక్కటిగా తీసి 2013లో చెప్పిందేమిటంటే, అక్కడ నిలవున్న కర్బనంలో 50 నుంచి 70 శాతం పై నుంచి రాలిన ఆకులది కాదు, కింద వేర్ల నుంచీ వాటిని పట్టుకుని బతికిన శిలీంధ్రాల నుంచీ వచ్చింది. హ్యూమస్ అంటే పై నుంచి పేరుకున్న చెత్త అని చదువుకున్నాం. అందులో సగానికి పైగా కింది నుంచి పోసినది.

ఇంకా తమాషా ఏమిటంటే శిలీంధ్రాలన్నీ ఒకే పని చేయవు. బ్లూబెర్రీ, లింగన్‌బెర్రీ పొదల వేర్లలో ఉండే కొన్ని శిలీంధ్రాలు చచ్చాక కూడా తొందరగా కుళ్ళవు, నల్లటి మెలనిన్ గోడలతో నేలలో అలా ఉండిపోతాయి, హ్యూమస్ పెరుగుతుంది. కార్టినేరియస్ అనే పుట్టగొడుగుల జాతి దీనికి పూర్తిగా రివర్సు. వాటిలో కొన్ని మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ వదిలి, ఎవరికీ కొరుకుడుపడని హ్యూమస్‌ని విరగ్గొట్టి, అందులో బిగుసుకున్న నత్రజనిని లాగుతాయి. 2021లో స్వీడన్ అడవుల నమూనాలన్నీ పెట్టి చూస్తే, కార్టినేరియస్ అక్యూటస్ గుంపు ఉన్న చోట పైపొరలో కర్బనం 33 శాతం తక్కువ. ఒక్క గుంపు! చూడ్డానికి వేలెడంత లేని గోధుమరంగు పుట్టగొడుగు, ఇక్కడివాళ్ళు బుట్ట పట్టుకుని కాంటరెల్ అనే తినే పుట్టగొడుగులు ఏరడానికి వెళ్తూ దాన్ని తొక్కుకుంటూ పోతారు.

అదే లెక్కతో నా వాదనకి ఒక ఇబ్బంది కూడా ఉంది. ఇక్కడి అటవీ కంపెనీలు కొన్ని చోట్ల కోతకి కొన్నేళ్ళ ముందు హెక్టారుకి 150 కిలోల దాకా నత్రజని వేస్తాయి. వేస్తే చెట్టు వేర్లకి పోసే చక్కెర తగ్గిస్తుంది, కార్టినేరియస్ లాంటివి తగ్గుతాయి, హ్యూమస్‌ని విరగ్గొట్టే చేయి తగ్గుతుంది కాబట్టి నేలలో కర్బనం పెరుగుతుంది. చెట్టూ లావెక్కుతుంది. అయితే ఎరువు వేసేద్దాం, శిలీంధ్రాలు పోతే పోనీ అంటారా? అనేవాళ్ళున్నారు. కర్బనం ఒక్కటే లెక్కైతే వాళ్ళ మాటకి నా దగ్గర గట్టి సమాధానం లేదు. కానీ అలా చేసిన అడవి నత్రజని కోసం సంచి మీద ఆధారపడుతుంది, వేల ఏళ్ళ నుంచి హ్యూమస్‌లోంచి నత్రజని తీసే పని తెలిసినవాళ్ళు వెళ్ళిపోతారు. సంచి ఆగిన రోజు సంగతేంటి? సంచుల మీద బతికే నేలల్ని మనం మన దగ్గర చూస్తూనే ఉన్నాం.

అంతకంటే పెద్ద విషయం మొత్తం నరికేయడం. స్వీడన్‌లో మామూలు పద్ధతి అదే, ఒక అడవి ముక్కంతా నున్నగా నరికి, దున్ని, నర్సరీ మొక్కలు నాటడం. కాగితం మీద అడవి అడవిగానే ఉంటుంది, నరికిన చెట్టుకి మించి మొక్కలు నాటారు కూడా. కింద ఏమైంది? చక్కెర ఒక్కరోజున ఆగిపోయింది. హోగ్‌బెర్గ్ ప్రయోగం అడవి అంతటా చేసినట్టే. వేరు శిలీంధ్రాల్లో చాలా రకాలు ఏడాది రెండేళ్ళలో పోతాయి. నాటిన మొక్కలతో కొన్ని తొందరగా వచ్చేస్తాయి, కార్టినేరియస్ లాంటి పాత అడవి శిలీంధ్రాలు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అక్కడక్కడా చెట్లు వదిలిన చోట వాటి వేర్లు పట్టుకుని కొన్ని మిగులుతాయి, ఎన్ని ఎక్కువ చెట్లు వదిలితే అన్ని ఎక్కువ రకాలు. మొక్కల సంఖ్య లెక్కపెట్టే ఏ పథకమైనా, ఇక్కడిదైనా మన దగ్గరిదైనా, ఈ తేడాని చూడలేదు. తల్లి చెట్టు వీడియో కూడా చూడలేదు, దాని కెమెరా కూడా పైకే తిరిగి ఉంటుంది కాబట్టి.

ఇంటి దగ్గర నుంచి వచ్చే ఇంకో ప్రశ్న, "మైకోరైజా ప్యాకెట్ కొన్నాం, వేస్తే చేను మొత్తం అలా వల అల్లుకుంటుందా?" ఎరువుల కొట్టులో వ్యామ్ పేరుతో దొరికేది ఇందాక చెప్పిన రెండో జాతి, వేరు కణంలోకి దూరేది. భాస్వరం తక్కువున్న నేలలో, నారు దశలో, దానికి పని ఉంది. డీఏపీ దండిగా వేసిన చేలో మొక్కకి దాని అవసరమే ఉండదు, చక్కెర ఇవ్వదు, అది నిలవదు. చలి అడవి పైన్ శిలీంధ్రాల బొమ్మ ప్యాకెట్ మీద వేసి మిరప రైతుకి అమ్మితే మాత్రం నమ్మకండి, ఆ రెండూ ఒకదాని పని ఒకటి చేయవు. పైన్‌కి పైన్ శిలీంధ్రమే కావాలి. ప్యూర్టో రికోలో పైన్ నాటిన ప్రతిసారీ పసుపెక్కి చచ్చిపోతుంటే, 1950లలో అమెరికా పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే మొక్కలు నిలదొక్కుకున్నాయి. అరకు వైపు పైన్ తోటలో ఫొటోలు దిగేవాళ్ళు ఈసారి ఒకసారి కింద సూదులు పక్కకి తోసి, సన్నవేరు చివర్లు చూడండి. చెట్టు మన గడ్డ మీద బతుకుతోందంటే దాని శిలీంధ్రం కూడా ఏదో దారిలో వచ్చే ఉండాలి.

మా పిన్నికి ఇదంతా ఫోన్లో చెప్తే ఓపిగ్గా విని, "అయితే చెట్లు మాట్లాడుకోవంటావు" అంది. ఏమో పిన్నీ, మాట్లాడుకోవని నేననలేదు, అడిగినవాళ్ళకి చూపించడానికి రుజువు లేదన్నాను. నా కోరికైతే వేరే ఉంది. ఇక్కడి అటవీ కంపెనీలు కార్బన్ లెక్కలు రాసేటప్పుడు చెట్టు మొదలు చుట్టుకొలతతో పాటు హ్యూమస్ పొర మందం కూడా రాయాలి, నరికేచోట చెట్లని ఒంటరిగా కాకుండా గుంపులుగా వదలాలి, వదిలిన గుంపుల కింద నేలని యంత్రాలతో దున్నకూడదు. మందం కొలవడానికి ఒక పార, ఒక స్కేలు చాలు. నేను కొలిచిపెడతాను.